చెన్నై నుండి జిద్దాకు: దూరము, కాలము, గడియారము

పుత్తూరు ప్రాంతం నుండి ఉమ్రాకు బయలుదేరేవారిలో చాలామంది చెన్నైలో విమానం ఎక్కుతారు. పుత్తూరు నుండి చెన్నై విమానాశ్రయానికి రోడ్డుమార్గాన 100 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. అక్కడి నుండి జిద్దా ఎంత దూరం? ప్రయాణం ఎన్ని గంటలు? ఈ ప్రశ్నలకు సమాధానం తెలుసుకోవడం యాత్రికుని ఆరాధనలకు కూడా అవసరమే.

భూమి గుండ్రంగా ఉన్నందున రెండు ఊళ్ల నడుమ అతి దగ్గరి దారి ఒక వృత్తఖండం అవుతుంది. చెన్నై, జిద్దాల మధ్య ఆ ఖండం సుమారు 40 డిగ్రీలు. ఒక్కో డిగ్రీకి 60 నాటికల్ మైళ్ల చొప్పున 2,400 నాటికల్ మైళ్లు, అనగా దాదాపు 4,450 కిలోమీటర్లు. ఖిబ్లా దిశను గణించేదీ ఈ పద్ధతిలోనే. గజ్నా పట్టణపు ఖిబ్లాను నిర్ణయించడానికి అల్ బీరూనీ 1025లో పూర్తిచేసిన గ్రంథంలో ఇట్టి గణితమే ఉంది. ఈ లెక్క ప్రకారం పుత్తూరులో ఖిబ్లా సరిగ్గా పడమర కాదు. పడమర నుండి ఉత్తరానికి సుమారు 17 డిగ్రీలు ఒరిగి ఉంటుంది.

గంటకు 850 కిలోమీటర్ల వేగంతో ఈ దూరానికి ఐదుగంటల పావు పడుతుంది. పైకి లేవడానికి, దిగడానికి, ఎదురుగాలికి పట్టే సమయం కలిపితే ఐదున్నర నుండి ఆరు గంటలు. అయితే సౌదీ గడియారం మన గడియారం కంటే రెండున్నర గంటలు వెనుక నడుస్తుంది. ఉదయం 9 గంటలకు బయలుదేరి ఆరు గంటలు ప్రయాణించిన విమానం అక్కడి మధ్యాహ్నం 12.30కు దిగుతుంది. టిక్కెట్టు చూసినవారికి మూడున్నర గంటల ప్రయాణంగానే తోస్తుంది. తిరుగు ప్రయాణంలో ఇదే తేడా గంటలను పెంచి చూపుతుంది.

ఉపవాసి ఇక్కడే జాగ్రత్త వహించాలి. విమానం సూర్యునితోపాటు పడమరకు సాగుతుంది గనుక పగలు పొడుగవుతుంది. చేతి గడియారంలో పుత్తూరు మగ్రిబ్ వేళ అయినా, కిటికీలోంచి సూర్యుడు కనబడుతూనే ఉండవచ్చు. అట్టి సమయంలో ఇఫ్తార్ చేయరాదు. తానున్న చోట సూర్యుడు అస్తమించడమే ప్రమాణం.

ఇహ్రాం విషయం మరీ ముఖ్యమైనది. విమానం జిద్దాలో దిగడానికి ముందే మీఖాత్ హద్దును దాటుతుందని, జిద్దా చేరేదాకా ఆగరాదని అనేకమంది పండితుల అభిప్రాయం. ఆ వేగంలో 100 కిలోమీటర్లు ఏడు నిమిషాలలో గడిచిపోతాయి. నిద్రపోయినవానికి ఆ హద్దు తెలియనే తెలియదు. కనుక ఇహ్రాం వస్త్రాలను ఇంటివద్దనో, చెన్నైలోనో ధరించి, మీఖాత్ సమీపించకముందే సంకల్పం, తల్బియా ముగించుకోవడం క్షేమకరం. అలనాటి ఓడ ప్రయాణికునికి సిద్ధపడడానికి రోజులుండేవి. విమాన ప్రయాణికునికి ఉన్నవి నిమిషాలే.