చలికి ముడుచుకున్న ఇంజన్

కోడ్ మార్చలేదు, కాన్ఫిగరేషన్ మార్చలేదు. అయినా శుక్రవారం దాకా నడిచిన ప్రోగ్రామ్ సోమవారం పొద్దున్నే కూలబడుతుంది. "నేనేమీ ముట్టుకోలేదండీ" అని మనమందరం ఎప్పుడో ఒకప్పుడు అన్నవాళ్ళమే. ఒక జనవరి ఆదివారం, మిషిగన్‌లో మంచు కప్పిన మైదానంలో నిలబడి నేను మా ఎనిమిదేళ్ళ వాడితో అదే మాట అన్నాను.

మాది 40 సైజు గ్లో ఇంజన్ ఉన్న మోడల్ విమానం. సెప్టెంబరులో 25 డిగ్రీల ఎండలో చక్కగా ఎగిరింది. ఇప్పుడు మైనస్ 5. ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. ఎలాగో అయ్యాక, నేల వదిలిన పది సెకన్లకే ఆగిపోయింది. అదృష్టం బాగుండి మంచు మీద మెత్తగా దిగింది. కంగారులో ప్లగ్గు, ఇంధనం, నీడిల్ మూడూ ఒకేసారి మార్చాను. తప్పెక్కడుందో అసలే తెలియకుండా పోయింది. ఆఫీసులో జూనియర్లు ఇలా చేస్తే ఊరుకుంటామా?

ఇంటికొచ్చి వరసగా ఆలోచించాను.

మొదటిది స్టార్టింగ్. గ్లో ఇంధనంలో ఎక్కువ పాలు మిథనాల్. సుమారు 11 డిగ్రీల కంటే చల్లబడితే దాని నుంచి అంటుకునేంత ఆవిరి రాదు. పైగా ఆవిరయ్యేటప్పుడు పెట్రోలు కంటే దాదాపు మూడింతల వేడి లాక్కుంటుంది. అందుకే ఇంధనం డబ్బాను మూత బిగించి కారులో వెచ్చగా ఉంచాలి. ప్లగ్గును వేడిచేసే బ్యాటరీ కూడా చలికి నీరసిస్తుంది. దాన్ని కోటు జేబులో పెట్టుకోండి.

రెండోది నూనె. చాలా గ్లో ఇంధనాల్లో కలిపేది మన ఆముదమే. చలికి అది చిక్కబడి, ప్రొపెల్లర్ తిప్పుతుంటే ఇంజన్ నిజంగానే ఆముదం తాగిన మొహం పెడుతుంది. బయల్దేరే ముందు హెయిర్ డ్రైయర్‌తో ఇంజన్‌ని కాస్త వెచ్చచేస్తే చాలు. మంట మాత్రం దగ్గరికి రానివ్వద్దు. మిథనాల్ మంట పగటి వెలుగులో కంటికి కనబడదు.

మూడోదే అసలు దోషి. 25 డిగ్రీల గాలి కంటే మైనస్ 5 గాలి సుమారు 11 శాతం చిక్కన. నీడిల్ పాతచోటే ఉంటే గాలి ఎక్కువై, ఇంధనం చాలదు. ఇది ఆగిపోవడంతో తీరే సమస్య కాదు. ఈ ఇంజన్‌కి నూనె వచ్చేది ఇంధనంతోనే. ఇంధనం తగ్గితే నూనె తగ్గి, పిస్టన్ అరిగిపోతుంది.

కనిపెట్టడం తేలిక. ఫుల్ థ్రాటిల్‌లో, ప్రొపెల్లర్‌కి వెనకవైపు నిలబడి, ఇంధనం గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కి వదలండి. వేగం కాస్త పెరిగి మళ్ళీ దిగితే ఫరవాలేదు. పెరగకుండా చతికిలబడితే ఇంధనం చాలడం లేదని అర్థం. నీడిల్‌ని ఒక్కో క్లిక్ తెరుస్తూ మళ్ళీ చూడండి. తర్వాత విమానం ముక్కు పైకెత్తి పట్టుకున్నా ఇంజన్ శబ్దం తగ్గకూడదు. నెమ్మదిగా నడిచేటప్పుడే ఆగుతుంటే, కాస్త వేడి రకం ప్లగ్గు వేసి చూడండి.

మరుసటి ఆదివారం పాత ప్లగ్గు, పాత ఇంధనం, కొత్తగా నాలుగు క్లిక్కులు. ఎనిమిది నిమిషాలు ఎగిరింది. ఆ నాలుగు క్లిక్కులూ తేదీతో, ఉష్ణోగ్రతతో సహా మావాడు నోట్‌బుక్‌లో రాశాడు. వేసవి రాగానే వాటిని వెనక్కి తిప్పాలి కదా!