ట్రాక్టరుకు ట్రాలీ తగిలించే ఎత్తు: రైతు కుటుంబాలు తెలుసుకోదగిన విషయాలు

ఎద్దుబండి ఉన్న ఇంట పెరిగిన వారికి బరువు సర్దడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. బస్తాలు ముందుకు ఎక్కువైతే కాడి ఎద్దుల మెడల మీద కూర్చుంటుంది. వెనక్కి ఎక్కువైతే నొగ పైకి లేచి, మెడతాళ్ళు ఎద్దుల గొంతుకు బిగుస్తాయి. అందువల్లనే మన పెద్దలు బండి నింపిన పిమ్మట కాడిని చేతితో ఒకసారి ఎత్తి చూసి, కొద్దిపాటి బరువు ముందుకు మొగ్గేటట్లు రెండు బస్తాలు అటో ఇటో జరిపి గాని బండి కదలనిచ్చేవారు కాదు. నేడు ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చింది. సూత్రం మాత్రం మారలేదు. ఎద్దు తన బాధను తల విదిలించి తెలిపేది, ట్రాక్టరు తెలుపదు. ముందు చక్రాలు గాలిలోకి లేచిన తరువాతనే మనకు తెలుస్తుంది.

సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతపు క్యాంపులలో వరి మోసే ట్రాలీలు, బెళగావి, బాగల్‌కోట వైపు చెరకు మోసే ట్రాలీలు, పర్లాకిమిడి, గుణుపురం వైపు ధాన్యం, కలప మోసే ట్రాలీలు అన్నీ ఒకే కొలతకు తయారైనవి కావు. ఏ ఊరి వర్క్‌షాపు వారు ఆ ఊరి అలవాటు ప్రకారం చేస్తారు. కొన్నిచోట్ల దానిని ట్రక్కు అంటారు, మరికొన్నిచోట్ల తొట్టి అంటారు. పేరెలా ఉన్నా, ఒక రాష్ట్రంలో చేయించిన ట్రాలీని సరిహద్దుకు ఇవతల బంధువులు అడిగి తెచ్చుకొని తమ ట్రాక్టరుకు తగిలించుకోవడం మన పల్లెలలో నిత్యం జరిగేదే. ప్రమాదానికి బీజం అక్కడనే పడుతుంది. ట్రాలీ ముందుకు చాచి ఉండే ఇనుప దూలాన్ని నొగ అనే పిలుద్దాం. ఆ నొగ చివరి రింగు ట్రాక్టరు కొక్కెం కంటె ఎత్తుగా ఉంటే, చాలామంది చేసే పని కొక్కేన్ని పైకి మార్చడం. కొందరు మరొక ఇనుప ముక్క వెల్డింగు చేయించి పైకి పెంచుతారు. ఇంకొందరు నాగలి తగిలించే పై లింకు చోటనే గొలుసు వేసి లాగుతారు. ఈ మూడూ చేయదగని పనులే.

ఎందుకో ఒక లెక్కతో చూద్దాం. సుమారు 2,000 కిలోల ట్రాక్టరు, అందులో ముందు చక్రాల మీద 750 కిలోలు, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్లు అనుకుందాం. ఏడు టన్నుల ట్రాలీని పదడుగులకు ఒక అడుగు లేచే కాలువ గట్టు మీదికి మట్టి దారిలో ఎక్కించాలంటే దాదాపు 1,000 కిలోల బలంతో లాగవలసి ఉంటుంది. కొక్కెం నేల నుండి 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే ఈ లాగుడు ముందు చక్రాల మీది బరువులో 225 కిలోలు తగ్గిస్తుంది. అదే కొక్కేన్ని 75 సెంటీమీటర్లకు పెంచితే తగ్గుదల 375 కిలోలు అవుతుంది. దీనికి తోడు రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత భాగాన్ని కొక్కెం మీద మోపుతుంది. అది 500 కిలోలు అయి, కొక్కెం వెనుక ఇరుసుకు 80 సెంటీమీటర్ల వెనుక ఉంటే, ముందు నుండి మరో 200 కిలోలు పోతాయి. ఇక మిగిలేదెంత? తక్కువ ఎత్తు కొక్కేనికి 325 కిలోలు, పెంచిన కొక్కేనికి 175 కిలోలు. ఎగువకు ఎక్కుతున్నప్పుడు ట్రాక్టరు సొంత బరువు కూడా వెనక్కి జరుగుతుంది కనుక వాస్తవంలో ఇంకా తక్కువే.

స్టీరింగు చెప్పినట్లు వినాలంటే ట్రాక్టరు బరువులో కనీసం ఐదవ వంతు, అంటే ఈ ట్రాక్టరుకు సుమారు 400 కిలోలు, ముందు చక్రాల మీద ఉండాలి. కనుక కొక్కెం సరైన ఎత్తులో ఉన్నప్పుడు కూడా ముందు బంపరుకు వంద కిలోల ఇనుప పలకలు తగిలించడం గాని, లోడు తగ్గించడం గాని అవసరమవుతుంది. కొక్కెం పైకి పెంచితే ఆ పలకలు కూడా చాలవు. వెనుక టైర్లలో నీళ్ళు నింపితే సరిపోతుందని కొందరు భావిస్తారు. దానివల్ల వెనుక చక్రాలకు పట్టు పెరుగుతుంది. పట్టు పెరిగిన చక్రం ఇంకా గట్టిగా లాగుతుంది. ముందు భాగం ఇంకా తేలికవుతుంది.

మరొక విషయం కూడా గమనార్హం. కొక్కెం వెనుక ఇరుసు కంటె కిందుగా ఉన్నప్పుడు, ముందు భాగం లేచిన కొద్దీ కొక్కెం నేల వైపుకు దిగుతుంది, లాగుడు వల్ల కలిగే ఎత్తుడు తగ్గుతుంది. ఆ విధంగా ట్రాక్టరు కొంతవరకు తనను తానే కాచుకొంటుంది. ఇరుసు కంటె పైన తగిలిస్తే ఆ రక్షణ ఉండదు. చక్రాలు బురదలో బిగిసి, క్లచ్చి ఒక్కసారిగా వదిలితే ట్రాక్టరు వెనక్కి తిరగబడడానికి రెండు సెకన్లు కూడా పట్టదు. దిగి దూకుదామని అనుకొనే వ్యవధి కూడా డ్రైవరుకు ఉండదు. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ ఎవరినీ కూర్చోనివ్వకూడదు.

అందుచేత పాటించవలసిన పద్ధతి ఇది: ట్రాలీ కోసం ట్రాక్టరు కొక్కేన్ని పైకి లేపకూడదు, ట్రాక్టరు కోసం ట్రాలీ రింగును కిందికి దించుకోవాలి. ముందుగా రెండింటి టైర్లలో గాలి సరిచూసి, సమమైన నేల మీద నిలపాలి. ట్రాలీ నొగ కింద జాకీ పెట్టి, తొట్టి అడుగు భాగం సమతలంగా వచ్చేవరకు ఎత్తాలి. పొడవాటి పైపులో నీళ్ళు పోసి మట్టం చూసే మేస్త్రీ పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. అప్పుడు నేల నుండి రింగు నడిమికి ఎంత ఎత్తు ఉన్నదో కొలవాలి. ట్రాక్టరు డ్రాబార్ ఎత్తును కూడా అదే విధంగా కొలవాలి. ఈ రెంటికీ అంగుళం, రెండంగుళాల తేడా ఉంటే చింతించవలసినది లేదు. అంతకు మించితే ట్రాలీ నొగకు బోల్టులతో బిగించే రింగు పలకను కింది రంధ్రాలకు మార్చాలి. రంధ్రాలు లేకుంటే మంచి వర్క్‌షాపులో రింగు పలకనే మార్పించుకోవాలి. కొన్ని ట్రాక్టర్లలో వంపు ఉన్న డ్రాబార్ తిరగవేసి ఎత్తు మార్చుకొనే వీలు తయారీదారులే కల్పిస్తారు. పుస్తకంలో చూపిన మేరకు దానిని వాడుకోవచ్చు. ఆ పుస్తకంలోనే కొక్కెం మీద ఎంత బరువు మోపవచ్చునో కూడా ఉంటుంది.

హైడ్రాలిక్ చేతుల మధ్య ఉండే రంధ్రాల పట్టీకి ట్రాలీ తగిలించడం చాలా చోట్ల చూస్తాం. లివరు కొద్దిగా కదిలితే దాని ఎత్తు మారిపోతుంది. అది పొలం పనిముట్ల కోసం, ట్రాలీ కోసం కాదు.

తొట్టి సమతలంగా ఉండాలని ఎందుకంటున్నామంటే, అది ముందుకు వాలితే లోడు ముందుకు వచ్చి కొక్కెం మీద బరువు పెరుగుతుంది. వెనక్కి వాలితే నొగ కొక్కేన్ని పైకి ఎత్తుతుంది. వెనుక చక్రాల పట్టు తగ్గుతుంది, రోడ్డు మీద ట్రాలీ ఊగుతుంది. చెరకు మోసేవారికి ఈ రెండవ బెడద ఎక్కువ, గడలు వెనక్కి చాచి ఉంటాయి కనుక. పెద్ద రహదారుల మీద వెళ్ళే ట్రైలరు లారీలకు ఈ చిక్కు తక్కువ. వాటి ట్రైలరు ముందు భాగం ‘ఫిఫ్త్ వీల్’ అనే పలక మీద, సాధారణంగా వెనుక ఇరుసుకు కాస్త ముందుగానే కూర్చుంటుంది కనుక ఆ బరువు లారీ ముందు భాగాన్ని ఎత్తదు. మన ట్రాలీ ఇరుసుకు వెనుక వేలాడుతుంది; అదే తేడా.

నాలుగు చక్రాల ట్రాలీకి కొక్కెం మీద మోపే బరువు స్వల్పమే. అయినా లాగుడు ఎత్తు సూత్రం దానికీ వర్తిస్తుంది. కర్ణాటక, మహారాష్ట్ర చెరకు ప్రాంతాలలో ఒకదాని వెనుక ఒకటిగా రెండు ట్రాలీలు లాగడం పరిపాటి. అక్కడ లాగవలసిన బలం ఇనుమడిస్తుంది కనుక ఎత్తులో చేసే చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. దిగువకు వచ్చేటప్పుడు బ్రేకులు లేని ట్రాలీ ట్రాక్టరును వెనుక నుండి నెడుతుంది. ఎక్కిన గేరులోనే దిగాలి, న్యూట్రల్ చేయరాదు.

అంతా సరిచేసిన తరువాత నిజంగా సరిపోయిందా అన్న సందేహం తీర్చుకోవడానికి సులువైన ఉపాయం ఒకటి ఉన్నది. దగ్గరలోని వేబ్రిడ్జికి వెళ్ళి, లోడు ట్రాలీ తగిలించి ఉండగానే ట్రాక్టరు ముందు చక్రాలను మాత్రమే కాటా మీదికి ఎక్కించి తూకం చూడాలి. ట్రాలీ విప్పి ట్రాక్టరు మొత్తం బరువు మరొకసారి చూడాలి. కదలకుండా నిలబడి ఉన్నప్పుడే మొదటి అంకె రెండవదానిలో ఐదవ వంతుకు దగ్గరగా ఉంటే, గట్టు ఎక్కేటప్పుడు ఏమీ మిగలదని అర్థం. లోడు తగ్గించాలి, లేదా తొట్టిలో వెనక్కి కొంత జరపాలి.

పిన్నుకు క్లిప్పు, నొగకు అదనపు గొలుసు ఉన్నవో లేవో తగిలించిన ప్రతిసారీ చూడాలి. పిన్ను నడుమ అరిగి సన్నబడితే మార్చివేయాలి. దాని ఖరీదు ఎంతో కాదు. రింగు ఎత్తు కొలిచిన నాడే ఆ అంకెను నొగ మీద రంగుతో రాయించి ఉంచితే, రేపు ట్రాలీని అడిగి తీసుకువెళ్ళే బావమరిది గాని, పక్క ఊరి పాలేరు గాని తన ట్రాక్టరుకు అది తగునో తగదో టేపు పట్టి అక్కడికక్కడే చూసుకోగలడు.