చెరకు తోలి నెలలైనా బిల్లు ఎందుకు పడదు? 14 రోజుల నిబంధన ఏం చెబుతోంది?

వడ్డాది, చోడవరం, మాడుగుల వైపు పల్లెల్లో ఏడాది ఖర్చులు చెరకు బిల్లు చుట్టూనే తిరుగుతాయి. బ్యాంకు పంట రుణం, ఎరువుల దుకాణంలో అప్పు, పిల్లల ఫీజులు... అన్నింటికీ ‘బిల్లు పడ్డాక’ అన్నదే వాయిదా. ఆ బిల్లు ఆలస్యమైతే దుకాణదారు నుంచి కూలీ వరకు అందరి చేతా డబ్బు ఆగిపోతుంది.

బుచ్చెయ్యపేట మండలంలోని వడ్డాది 2022 ఏప్రిల్ 4 వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అనకాపల్లి జిల్లా. ఇక్కడి చెరకు రైతుకు ప్రధానంగా ఉంటూ వచ్చిన దారులు రెండు. గోవాడలోని చోడవరం సహకార చక్కెర కర్మాగారానికి తోలడం, లేదంటే గానుగ ఆడించి బెల్లం అనకాపల్లి మార్కెట్‌కు పంపడం. ఉమ్మడి జిల్లాలోని తుమ్మపాల, ఏటికొప్పాక, తాండవ సహకార ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. గోవాడ బకాయిల కోసం రైతులు రోడ్డెక్కిన సందర్భాలూ ఉన్నాయి.

చట్టం ఏమంటోంది?

చెరకు నియంత్రణ ఉత్తర్వు, 1966 ప్రకారం చెరకు అందిన 14 రోజుల్లోగా ఫ్యాక్టరీ డబ్బు చెల్లించాలి. ఆలస్యమైన కాలానికి ఏటా 15 శాతం వడ్డీ కూడా ఇవ్వాలి. ఉదాహరణకు 20 టన్నులు తోలిన రైతుకు రూ.65,810 రావాలనుకుందాం. గడువు దాటి ఆరు నెలలు ఆగితే వడ్డీయే రూ.4,900 పైచిలుకు. అసలు కోసమే తిరుగుతున్న రైతు వడ్డీ మాట ఎత్తేదెప్పుడు!

ఇందులో ఒక మెలిక ఉంది. రైతుకు, ఫ్యాక్టరీకి మధ్య రాతపూర్వకంగా వేరే ఒప్పందం ఉంటే ఈ 14 రోజుల గడువు వర్తించదు. అందుకే సీజన్ మొదట్లో సంతకం పెట్టే అగ్రిమెంటులో చెల్లింపు గురించి ఏం రాశారో చదవాలి.

మరి ఫ్యాక్టరీ ఎందుకు ఇవ్వలేకపోతోంది?

యాజమాన్యాల తప్పులు, రాజకీయాలు ఒక కారణం. కానీ అసలు చిక్కు లెక్కలోనే ఉంది. 2025-26 సీజన్‌కు కేంద్రం క్వింటాలుకు రూ.355 ధర (ఎఫ్‌ఆర్‌పీ) నిర్ణయించింది. అది 10.25 శాతం రికవరీకి, అంటే వంద కిలోల చెరకు నుంచి 10.25 కిలోల పంచదార వస్తే ఇచ్చే ధర. రికవరీ తగ్గితే ధరా తగ్గుతుంది. అయితే 9.5 శాతం కంటే కిందికి పోయినా రైతుకు క్వింటాలుకు రూ.329.05 ఇవ్వాల్సిందే. అంటే టన్నుకు రూ.3,290.50.

ఇప్పుడు 9 శాతం రికవరీ వచ్చిందనుకోండి. టన్ను చెరకుకు 90 కిలోల పంచదార. 2019 ఫిబ్రవరిలో కేంద్రం పెట్టిన కనీస అమ్మకం ధర కిలో రూ.31 ప్రకారం వచ్చేది రూ.2,790. చెరకు ధరకే చాలదు. కిలో రూ.38కి అమ్ముడుపోయినా వచ్చేది రూ.3,420. చెరకు సొమ్ము పోగా మిగిలిన రూ.129.50లోనే కార్మికుల జీతాలు, మరమ్మతులు, వడ్డీలు. మొలాసిస్‌తో ఇథనాల్, పిప్పితో కరెంటు తయారుచేసే మిల్లులు ఈ లోటును పూడ్చుకుంటాయి. పంచదార మీదే బతికే మిల్లు పూడ్చుకోలేదు. పైగా సహకార మిల్లులు నిల్వలను బ్యాంకులో తాకట్టు పెట్టి నడుస్తుంటాయి. సరుకు అమ్మినా మొదట తీరేది బ్యాంకు అప్పే.

మొత్తానికి రైతు తన పంటను ఫ్యాక్టరీకి అప్పుగా ఇస్తున్నట్టే. కానీ తన అప్పుకు మాత్రం గడువు ఆగదు. పంట రుణం సకాలంలో కడితే దక్కే 3 శాతం వడ్డీ రాయితీ గడువు దాటితే పోతుంది. రూ.2 లక్షల రుణంపై అది ఏడాదికి రూ.6,000.

బెల్లం చేస్తే? టన్ను చెరకుకు సుమారు క్వింటాలు బెల్లం దిగుతుంది, డబ్బూ త్వరగా చేతికొస్తుంది. అయితే మద్దతు ధర ఉండదు. రంగును బట్టే రేటు. నరికే కూలీలు, పాకం వండేవాళ్లు దొరకడమూ కష్టమే.

ఎవరిని అడగాలి?

తూకం చీటీలు, అగ్రిమెంటు, పాస్‌బుక్ జిరాక్సులతో ముందుగా ఫ్యాక్టరీకి రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవాలి. తర్వాత అసిస్టెంట్ కేన్ కమిషనర్‌కు, సోమవారాల్లో కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఫిర్యాదు చేయవచ్చు. అర్జీలో అసలుతో పాటు 15 శాతం వడ్డీ కూడా కోరాలి. ప్రభుత్వం అనుకుంటే బకాయిని ధ్రువీకరించి కలెక్టర్‌కు పంపి, భూమి శిస్తు బకాయిలా వసూలు చేయించవచ్చు. కాకపోతే సహకార ఫ్యాక్టరీకి వాటాదారులు రైతులే. జప్తు చేస్తే పోయేదీ వాళ్ల ఆస్తే. అందుకే ఇలాంటి చోట రైతులు ప్రభుత్వ సాయం కోసమే ఎక్కువగా పట్టుబడతారు.

విశాఖలో ఉంటూ ఊళ్లో భూమి కౌలుకిచ్చినవారు ఇంకో విషయం చూసుకోవాలి. అగ్రిమెంటు ఎవరి పేరున ఉంటే బిల్లు వాళ్ల ఖాతాలోకే వస్తుంది. మీ పేరునే ఉంటే, ఫోన్‌కు డబ్బు పడినట్టు మెసేజ్ వచ్చిన రోజే కౌలు రైతుకు చెప్పండి.