ఇఫ్తార్‌కు ముందు సహరీ

ఢిల్లీలో ఇఫ్తార్ విందు అనగానే పాత్రికేయుల దృష్టి ఏ నాయకుడు ఎవరి సరసన కూర్చున్నాడన్న దానిమీదే ఉంటుంది. నేనూ అందుకు మినహాయింపు కాను. 2002లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ఆ విందు మాని, ఆ సొమ్మును అనాథాశ్రమాలకు మళ్ళించినప్పుడు కూడా మేము రాజకీయార్థాలే వెదికాము.

ఉపవాసమంటే ఏమిటో నాకు బోధపడినది 2018 మే నెలలో, పాత ఢిల్లీలోని ఖారీ బావ్లీ మసాలా బజారులో. చాంద్రమాన మాసం గనుక రంజాన్ సుమారు 33 ఏళ్ళకొకసారి ఋతువులన్నీ చుట్టివస్తుంది. ఆ ఏడు నడివేసవిలో వచ్చింది. సుమారు 15 గంటలపాటు గుక్కెడు నీరైనా ముట్టరాదు. మిరప బస్తాలు మోసే ఒక వృద్ధ హమాలీని, సహరీకి, అంటే తెల్లవారుజాము భోజనానికి, జామా మసీదు వీధుల్లో పేరుమోసిన నిహారీ తింటారా అని అడిగాను. ఆయన నవ్వాడు.

"ఆ మాంసపు పులుసులోని ఉప్పూ కారమూ పదిగంటలకే గొంతెండగడతాయి, బాబూజీ. నాకు రొట్టె, ఉడికించిన శనగలు, పెరుగు చాలు. నీళ్ళు మాత్రం ఒక్కసారిగా తాగను, కొద్దికొద్దిగా తాగుతాను."

బరువైన బస్తాలు ఉదయమే ముగించి, మధ్యాహ్నం నీడపట్టున ఒరుగుతాడట. సాయంత్రం ఖర్జూరాలు, నిమ్మ షర్బతు. నమాజు తరువాతనే పప్పూ అన్నమూ. కూలి బస్తాల లెక్కన గనుక ఆ నెల రాబడి తగ్గుతుంది. పండ్ల ధరలు సరిగ్గా అప్పుడే పెరుగుతాయని ఆయన ఫిర్యాదు.