ముఖాన్ని మార్చేది లెన్సు కాదు, దూరం

బుజ్జమ్మా, కెమెరా కొనుక్కున్నావు, చాలా సంతోషం. "తాతయ్యా, మనుషుల ఫొటోలకు ఏ లెన్సు మంచిది?" అని అడిగావు. కొట్టులో అడిగితే "85 తీసుకోండమ్మా" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ మాటలో తప్పేమీ లేదు. కానీ ఆ 85 ఎందుకు, ఎలాంటి కెమెరాకు అన్నది తెలిస్తే నీ డబ్బు ఆదా అవుతుంది, ఫొటోలూ బాగుపడతాయి. కాస్త కూర్చో, చెబుతాను.

ముందు ఒక చిన్న ప్రయోగం. ఫోన్ను ముఖానికి 30 సెంటీమీటర్ల దూరంలో, అంటే ఇంచుమించు జానెడున్నరలో పెట్టి ఒక ఫొటో తీసుకో. తర్వాత అదే ఫోను తమ్ముడికిచ్చి, రెండు మీటర్ల అవతల నిలబెట్టి, అదే కెమెరాతో ఇంకొకటి తీయించు. రెండో ఫొటోలో ముఖం చిన్నగా పడుతుంది, దాన్ని కత్తిరించి పెద్దది చెయ్యి. ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మొదటి ఫొటోలో ముక్కు ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు ఉంటాయి. రెండో ఫొటోలో అచ్చం నువ్వే. లెన్సు ఒక్కటే, దూరమే మారింది.

దీని వెనక ఉన్నది చిన్న లెక్క. ముక్కు కొన నుంచి చెవి దాకా లోతు సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. కెమెరా ముక్కుకు 30 సెంటీమీటర్లలో ఉంటే, చెవికి 42 సెంటీమీటర్లలో ఉన్నట్టు. దూరంగా ఉన్నది చిన్నగా కనిపిస్తుంది కదా, అందుకని చెవితో పోలిస్తే ముక్కు 40 శాతం పెద్దదై పడుతుంది. అదే రెండు మీటర్ల నుంచి తీస్తే ముక్కుకు 200, చెవికి 212. తేడా 6 శాతమే. మనం మన వాళ్ళ ముఖాలను రోజూ చూసేది మాట్లాడుకునే దూరం నుంచి, అంటే ఒకటిన్నర, రెండు మీటర్ల నుంచి. ఆ దూరం నుంచి తీసిన ముఖమే మనకు తెలిసిన ముఖంలా ఉంటుంది.

మరి లెన్సు చేసే పనేమిటంటావా? అది కిటికీ లాంటిది. పెద్ద కిటికీలోంచి వీధంతా కనిపిస్తుంది, చిన్న కిటికీలోంచి ఎదురింటి అరుగొక్కటే కనిపిస్తుంది. ఎదురిల్లు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. నువ్వు బడిలో నాభ్యంతరం అని చదువుకున్నావే, ఆ ఫోకల్ లెంగ్త్ (85 అన్నది దాని మిల్లీమీటర్ల లెక్కే) పెరిగేకొద్దీ ఈ కిటికీ చిన్నదవుతుంది. కాబట్టి ముందు ఎంచుకోవలసింది దూరాన్ని. అంత దూరం నుంచి తల, భుజాలు ఫ్రేము నిండా వచ్చే లెన్సును ఆ తర్వాత వెతుక్కోవాలి.

ఫిల్ము కెమెరాతో మొదలుపెడదాం. 35 ఎంఎం రీల్లో ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల వెడల్పు, 36 మిల్లీమీటర్ల పొడవు. కెమెరా నిలువుగా పట్టుకుని, తల నుంచి ఛాతీ దాకా ఒక 63 సెంటీమీటర్ల మేర తీయాలనుకో. 28 ఎంఎం లెన్సయితే అర మీటరు దగ్గరికి వెళ్ళాలి, ముక్కు ఉబ్బుతుంది. 50 అయితే 90 సెంటీమీటర్లు, ఇంకా దగ్గరే. 85 అయితే సుమారు ఒకటిన్నర మీటరు, 135 అయితే రెండు మీటర్ల 40 సెంటీమీటర్లు. 85 నుంచి 135 దాకా ఉన్నవాటికి పోర్ట్రెయిట్ లెన్సులని పేరు వచ్చింది అందుకే. ఆ మధ్యలోదే నికాన్ వారి 105 ఎంఎం ఎఫ్/2.5. పాకిస్తాన్‌లోని శరణార్థుల శిబిరంలో 1984లో స్టీవ్ మెక్‌కరీ తీసిన ఆఫ్ఘన్ బాలిక ఫొటో దానితో తీసిందే. 1985 జూన్ నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రంగా అది లోకమంతా తిరిగింది.

ఇక డిజిటల్. నీ కెమెరాలో ఉన్నది ఏపీఎస్-సీ సెన్సరు. ఫిల్ము బొమ్మ కంటే చిన్నది, నికాన్‌లో ఒకటిన్నర రెట్లు, కెనాన్‌లో 1.6 రెట్లు. సెన్సరు చిన్నదైతే అదే లెన్సు వేసిన బొమ్మలో నడిమి భాగమే దొరుకుతుంది, అంటే కిటికీ మళ్ళీ చిన్నదైనట్టు. నీ కెమెరా మీద 50 ఎంఎం లెన్సు ఫిల్ము మీది 75 లాగానో 80 లాగానో పనిచేస్తుంది. ఇందాకటి 63 సెంటీమీటర్ల ఫ్రేముకు దాంతో నువ్వు నిలబడేది మీటరు 35, 40 సెంటీమీటర్ల దూరంలో. మనకు కావలసింది అదే కదా! అదే 85 బిగించావంటే దాదాపు 2.3 మీటర్లు వెనక్కి జరగాలి. పది అడుగుల గదిలో అమ్మమ్మను ఫొటో తీద్దామంటే నీ వీపు గోడకు తగులుతుంది. ఆరుబయట తీసేవాళ్ళకే ఆ 85 హాయి. సెన్సరు ఫిల్ము బొమ్మంత ఉండే ఫుల్ ఫ్రేమ్ కెమెరా ఉన్నవాళ్ళకు మాత్రం ఫిల్ము లెక్కే వర్తిస్తుంది.

"కెమెరాతో వచ్చిన 18-55 చాలదా?" అంటావేమో. 55 దగ్గర పెట్టి తీస్తే ముఖం తీరు చక్కగానే వస్తుంది. తేడా అంతా వెనకాల మసకలో ఉంది. ఫోకల్ లెంగ్త్‌ను ఎఫ్ నంబరుతో భాగిస్తే లెన్సులో వెలుతురు దూరే రంధ్రం ఎంతో తెలుస్తుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సుకు ఆ రంధ్రం 28 మిల్లీమీటర్లు. 18-55ను 55 దగ్గర పెడితే ఎఫ్/5.6 కంటే తెరుచుకోదు, కనుక 10 మిల్లీమీటర్లే. రంధ్రం పెద్దదయ్యేకొద్దీ వెనకున్న తీగలూ బట్టలూ కరిగిపోయి ముఖం ఒక్కటే నిలుస్తుంది. వెలుతురు తక్కువ ఉన్న వసారాలో కూడా బొమ్మ కదలకుండా వస్తుంది.

అలాగని ఎప్పుడూ పూర్తిగా తెరిచిపెట్టకు. ఫిల్ము కెమెరాలో 85 ఎంఎం లెన్సును ఎఫ్/1.8 దగ్గర ఒకటిన్నర మీటరు నుంచి వాడితే, స్పష్టంగా ఉండే మందం మొత్తం 3 సెంటీమీటర్లే. కంటి మీద ఫోకస్ పెడితే ముక్కు కొన మెత్తబడుతుంది, చెవులు మసకబారతాయి. ఎఫ్/4కు తగ్గిస్తే ఆ మందం 7 సెంటీమీటర్లు దాటుతుంది. నాకైతే ముఖాలకు 2.8 నుంచి 4 దాకా బాగుంటుంది. తల పక్కకు తిరిగి ఉంటే నీకు దగ్గరగా ఉన్న కంటి మీదే ఫోకస్ పెట్టు.

ముఖాల కోసమే లెన్సు చెయ్యాలన్న ఆలోచన చాలా పాతది. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే లెక్కల మాస్టారు కాగితం మీద లెక్కలు కట్టి ఎఫ్/3.6 లెన్సును రూపొందించాడు. వోయిక్ట్‌లాండర్ సంస్థ దాన్ని తయారుచేసింది. అప్పటిదాకా మనుషులు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవలసి వచ్చేది. ఈ లెన్సు వచ్చాక ముఖం ఫొటో తీయించుకోవడం మామూలు మనుషులకు సాధ్యమైంది.

పాత లెన్సులు చవగ్గా దొరికితే కొనొచ్చు, కానీ చూసి కొను. కెనాన్ 1987లో లెన్సు బిగింపు మార్చేసింది, అంతకు ముందరివి ఆ తర్వాతి కెనాన్ ఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే) కెమెరాలకు నేరుగా పట్టవు. నికాన్ ఎస్ఎల్ఆర్‌ల బిగింపు 1959 నుంచీ అదే అయినా, 1977కు ముందరి లెన్సులను మార్పు చేయించకుండా బిగిస్తే కొన్ని కెమెరాలు దెబ్బతింటాయి. తర్వాతివి బిగుసుకున్నా ఫోకస్ చేత్తో తిప్పుకోవలసిందే, చిన్న మోడళ్ళలో లైట్ మీటరు కూడా పనిచెయ్యదు. కొనే ముందు లెన్సును వెలుతురుకు ఎత్తి లోపల బూజు తీగలు ఉన్నాయేమో చూడు. మన తేమ వాతావరణంలో బీరువాల్లో దాచిన లెన్సులకు బూజు మామూలే.

కాబట్టి తల్లీ, నా మాట విని ముందు ఒక 50 ఎంఎం ఎఫ్/1.8 కొనుక్కో. చవగ్గా దొరికేది, నీ కెమెరాకు సరిపోయేది అదే. ఎవరిని తీసినా ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా నిలబడి, వాళ్ళతో నాలుగు మాటలు మాట్లాడుతూ తియ్యి. దాంతో చెయ్యి తిరిగాక, ఇంకా దూరం కావాలని నీకే అనిపించిన రోజున 85 కొందువుగాని.