చర్చి చెంత చావడి

మా ఎల్దుర్తి పిల్లలు మెదకునకు పోయినచో రెండు కట్టడములను చూడక తిరిగిరారు. ఒకటి కొండమీది పాతకోట. రెండవది సుమారు 175 అడుగుల గోపురముగల చర్చి.

ఈ చర్చి నిర్మాణము 1914లో ఆరంభమై పదేండ్లు సాగినది. అది కరవుకాలము. చార్లెస్ వాకర్ పాస్నెట్ అను మతాచార్యుడు ఆకలిగొన్నవారికి ఊరక ధాన్యము పంచక, ఈ కట్టడమున పని కల్పించి, అన్నము పెట్టించెను. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగినది. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు గల ఆ మందిరమున ఒక్కొక్క రాయికి వెనుక ఒక కూలివాని కుటుంబపు గంజి కలదని నేను తలతును.

అట్టి చర్చి చెంత నేడొక సంఘపు చావడి కట్టవలసివచ్చినదనుకొనుడు. పెండ్లిండ్లు, బాలల తరగతులు, వైద్యశిబిరములు, క్రిస్మసు నాటి భోజనములు అందు జరుగవలెను. దాని నెట్లు కట్టవలెను?

పాత గోపురమును అనుకరించి సిమెంటుతో చిన్న గోపురము పెట్టుట పలువురికి తోచు ఉపాయము. నాకది నచ్చదు, తాతగారి తలపాగా మనుమడు చుట్టుకొన్నట్లుండును. ఇంగ్లండులోని కొవెంట్రీ చర్చి 1940లో బాంబులచే కూలగా, శిథిలములను అట్లే నిలిపి, ప్రక్కనే క్రొత్త చర్చిని కట్టి 1962లో ప్రతిష్ఠించిరి. రూపము క్రొత్తది, రాయి మాత్రము పాతదానితో పొత్తు కుదిరిన ఎఱ్ఱని ఇసుకరాయి. మనకును రాతికి కొదువ లేదు.

చావడికి ఒక్క అంతస్తు చాలును. పడమటి యెండ గోడలను కాల్చును గనుక ఆ వైపున వెడల్పయిన వరండా వేయవలెను. వంటశాల పొగ చర్చి రాతికిగాని, కూర్చున్నవారికిగాని సోకకుండ ఎడముగా నుండవలెను. వందలమంది చేతులు కడిగిన నీరు ఎటు పోవునో ముందే తెలియవలెను. భవనములను వేయువారు తఱచు మఱచునది ఇదియే. ఆ నీరును, కప్పుమీది వాననీరును పాతకట్టడపు పునాదివైపు పాఱరాదు. వీధివైపున ఒక ద్వారముండినచో ఏ మతమువారైనను సంకోచింపక లోనికి రాగలరు.

ఎత్తు నిర్ణయించుటకు పటమొక్కటే చాలదు. పునాది త్రవ్వకముందే నాలుగు మూలల అంత ఎత్తు వెదుళ్లు పాతి, పైన త్రాడు కట్టి, వీధిలోనికి పోయి నిలిచి చూడవలెను. త్రాడు చర్చి కిటికీలకు అడ్డు వచ్చినచో వెదుళ్లను కోసి, మరల వీధిలోనికి పోవలెను.