మన వీసా రుసుము, వారి ఉపకారవేతనము

గుంటూరులోనో వరంగల్లులోనో ఇంజనీరింగు చదివి హెచ్-1బి వీసాపై అమెరికాకు తరలిపోవు మన యువకుని నిమిత్తము, అతనికి ఉద్యోగమిచ్చిన సంస్థ ఆ ప్రభుత్వమునకు చెల్లించు రుసుములలో నొకదాని భాగము, అచ్చటి పేదవిద్యార్థుల చదువునకు ఆధారమగుచున్నదన్న సంగతి మనవారిలో బహుకొద్దిమందికే తెలియును. 1998లో వీసాల సంఖ్యను పెంచిన అమెరికా కాంగ్రెసు, పరదేశనిపుణులను రప్పించుకొనుటతోపాటు స్వదేశమున నిపుణులను తయారుచేసికొనుటయు తన విధియే యని తలచి, ఆ దరఖాస్తులపై ప్రత్యేకరుసుమును విధించెను. 2004 నాటి చట్టముతో అది 25 మందికి మించి ఉద్యోగులున్న సంస్థలకు 1,500 డాలర్లు, అంతకు చిన్నవానికి 750 డాలర్లు అయినది. అందు నూటికి 30 వంతులు నేషనల్ సైన్స్ ఫౌండేషన్ ద్వారా అల్పాదాయవిద్యార్థుల ఉపకారవేతనములకు చేరును. ఎస్-స్టెమ్ అను పథకమిదియే.

ఈ ధనము మిక్కిలి సార్థకమగు చోటు కమ్యూనిటీ కాలేజీ యని నా దృఢవిశ్వాసము. 1901లో ఇల్లినాయిస్ రాష్ట్రమందలి జోలియెట్‌లో మొదలైన ఈ రెండేండ్ల విద్యాసంస్థల పరంపర, అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము 1947లో చేసిన సిఫారసుతో దేశవ్యాప్తమయ్యెను. పగలు దుకాణములో పనిచేసి సాయంకాలము తరగతికి వచ్చువారు, పసిబిడ్డల తల్లులు, తమ యింట కళాశాల గడప తొక్కిన మొదటివారు, పేరుమోసిన విశ్వవిద్యాలయములలో అరుదుగా కానవచ్చు నల్లజాతీయులు, హిస్పానిక్కులు, ఆదివాసులు ఇచ్చట కానవత్తురు.

వీరికి లోపించినది ప్రతిభ కాదు, తీరిక. ఫీజు తక్కువయే యైనను ఇంటి అద్దె, కారు ఖర్చు, బిడ్డను చూచువారికి ఇయ్యవలసిన సొమ్ము తప్పవు గదా! సాంకేతికశాస్త్రములలో ఒక పాఠ్యాంశముపై వేరొకటి నిలిచియుండును; కాల్క్యులస్ తప్పినవాడు భౌతికశాస్త్రమునకును, దాని పిమ్మట ఇంజనీరింగు పాఠములకును అర్హుడు గాక, ఒక్క సెమిస్టరు జారుటతో ఏడాది కోల్పోవుటయు కలదు. వారమునకు ముప్పది గంటలు గల్లాపెట్టె వద్ద నిలువవలసినవానికి ఉపకారవేతనము ప్రసాదించునది, ఆ గంటలలో కొన్నింటిని లెక్కలకును ప్రయోగశాలకును మరల్చుకొను స్వాతంత్ర్యము.

అయినను ధనమొక్కటియే చాలదు. కళాశాల మారిన విద్యార్థులు సగటున నూటికి 43 వంతుల క్రెడిట్లను కోల్పోవుచున్నట్లు అమెరికా ప్రభుత్వ తనిఖీసంస్థ 2017లో అంచనా వేసినది. రెండేండ్ల శ్రమ విశ్వవిద్యాలయపు వాకిటిలో ఇట్లు చెల్లకపోవుట ఘోరమైన అన్యాయము. అందుచేతనే ఎస్-స్టెమ్ సహాయమును పొందు కళాశాలలు, వేతనముతోపాటు విద్యార్థికి మార్గదర్శియగు అధ్యాపకుని, తోడుగా చదువు బృందమును సమకూర్చవలసియున్నది. పై చదువులకు పోవు త్రోవను సుగమము చేయుటయు ఇందు భాగమే. వేతనమునిచ్చి విద్యార్థిని ఒంటరిగా విడిచిన పథకముకంటె ఇది ఎంతయో మేలు.

అమెరికాలోని మన తెలుగు ఇంజనీర్లకు ఒక్క మనవి. మీ నివాసమునకు సమీపమున ఒక కమ్యూనిటీ కాలేజీ ఉండియే యుండును. అచ్చటి ఆర్థికసహాయ కార్యాలయమున ఈ వేతనములను గూర్చి విచారించి, మీ ఎరుకలోనున్న పేదవిద్యార్థులకు తెలుపుడు; గణితమో ప్రోగ్రామింగో నేర్పగలిగినచో, వారమునకు ఒక సాయంకాలమును వారికి కేటాయింపుడు.